వాలు తొక్కే ముందు మంచును తవ్వి చూడటం ఎలా

కశ్మీర్‌లోని గుల్‌మర్గ్‌లో స్కీయింగ్‌కు వెళ్లి గోండోలా (తీగ మీద నడిచే బండి) రెండో దశ దిగితే దాదాపు 3,950 మీటర్ల ఎత్తులో, అఫర్వత్ కొండ మీద ఉంటారు. స్కీ ప్రాంతపు హద్దు తాళ్లు దాటాక ఏ వాలు నిలుస్తుందో, ఏది జారుతుందో మీరే తేల్చుకోవాలి. 2023 ఫిబ్రవరి 1న ఇద్దరు పోలండ్ స్కీయర్లు ఈ కొండ మీదే మంచు చరియ కింద పడి చనిపోయారు.

బయలుదేరే ముందు డీజీఆర్ఈ (రక్షణ శాఖ పరిశోధన సంస్థ) ఇచ్చే మంచు చరియల హెచ్చరిక బులెటిన్ చూడండి. అది జిల్లాకు, ఫలానా ఎత్తుకు పైన అని చెబుతుంది తప్ప మీ ఎదురుగా ఉన్న వాలు గురించి చెప్పదు. ఆ మిగతా పని మీది.

మొదట కోణం. స్కీ కర్రను మంచు మీద వాలు వెంబడి పడుకోబెట్టి, దానిపై ఫోన్ పెట్టి కొలవండి. పలకలా విరిగే చరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల మధ్యే మొదలవుతాయి. మీరున్న చోటు 20 డిగ్రీలే ఉన్నా, తలపైన 38 డిగ్రీల వాలుతో గిన్నెలాంటి పల్లం ఉంటే అది కూడా మీ వాలే. అఫర్వత్ మీద పడమటి గాలులు మంచును శిఖరం దాటించి తూర్పు వైపు పోస్తాయి. ఆకాశం నిర్మలంగా ఉన్నా గాలి ఒక్కటే గంటల్లో ఆ వాలును బరువెక్కిస్తుంది.

ఇక అడుగున ఏముందో చూడాలి. నేలను ఆనుకున్న మంచు సున్నా డిగ్రీల దగ్గర ఉంటుంది. మంచు మందం 50 సెంటీమీటర్లు, పైన చలి మైనస్ 15 అనుకోండి: ప్రతి 10 సెంటీమీటర్లకూ 3 డిగ్రీల తేడా. ఆ తేడా ఒక డిగ్రీ దాటితే చాలు, రేణువులు ఒకదాన్నొకటి పట్టుకోని పంచదార పలుకుల్లా మారతాయి. దాని మీద కొత్త మంచు పడితే పునాది లేని గోడ లేచినట్టే.

గొయ్యి తవ్వడానికి మీరు వెళ్లబోయే వాలు దిక్కూ కోణమే ఉన్న, కింద ప్రమాదం లేని చిన్న వాలు ఎంచుకోండి. చెట్ల పక్కన, పాత జాడల మీద వద్దు. పై వైపు గోడను పారతో నిటారుగా, నున్నగా చెక్కండి. వాలుకు అడ్డంగా 90, లోపలికి 30 సెంటీమీటర్ల దిమ్మెను విడదీయండి. వెనుక భాగాన్ని ముడులు వేసిన తాడుతో రంపంలా కోయాలి. చాలామంది చెడగొట్టేది ఇక్కడే: వెనుక కోత సగంలో ఆగితే దిమ్మె కొండను పట్టుకునే ఉంటుంది, ఫలితం అబద్ధం చెబుతుంది.

దిమ్మెకు ఒక చివర పార రేకు పెట్టి తట్టండి: మణికట్టు నుంచి 10, మోచేతి నుంచి 10, భుజం నుంచి 10. చేతిని దాని బరువుతోనే వదలండి, బలం కలపొద్దు. పగులు పుట్టిన దెబ్బకో, ఆ తర్వాతి దెబ్బకో అడ్డంగా దిమ్మె మొత్తం పాకితే ఆ వాలు వదిలేయండి. దెబ్బల లెక్క కన్నా ఆ పాకడమే ముఖ్యం.

పాకలేదని సంబరపడొద్దు. బలహీన పొర మీటరు కన్నా లోతుంటే దెబ్బ అక్కడిదాకా చేరదు. పైనుంచి కిందికి గోడలో చేత్తో పొడుస్తూ రండి. పైన ఒక్క వేలే దిగి, కింద పిడికిలంతా సులువుగా దూరితే అనుమానించండి. గొయ్యి మాట 'వద్దు' అయితే నమ్మండి, 'వెళ్లు' అయితే నమ్మకండి. నడుస్తుంటే కాళ్ల కింద 'వుంఫ్' మని కుంగినా, స్కీల ముందు పగులు పరుగెత్తినా, 24 గంటల్లో 30 సెంటీమీటర్లు కురిసినా గొయ్యి అవసరమే లేదు, వెనక్కి తిరగండి.

వాలును ఒక్కొక్కరే దాటండి, మిగతావాళ్లు చరియ చేరని చోట నిలబడి చూస్తుండాలి. ట్రాన్స్‌సీవర్ (మంచులో కూరుకుపోయినవారిని వెతకడానికి ఒంటికి కట్టుకునే సంకేత పరికరం) సంకేతాలు పంపే స్థితిలో ఉన్నప్పుడు ఫోన్‌ను కనీసం 20, వెతికేటప్పుడు 50 సెంటీమీటర్ల దూరంలో ఉంచండి. వెళ్లేముందు గొయ్యి పూడ్చేయండి, లేకపోతే వెనుక వచ్చే స్కీయరు అందులో పడతాడు.