పలకకు ముందు చింతగింజలు

మా పెద్దమ్మాయికి మూడేళ్లు నిండగానే పలక ఇచ్చి ‘అ’ దిద్దమని కూర్చోబెట్టాను. వారం తిరక్కుండా పలక మాయమైంది. వెతికితే బియ్యం డబ్బా వెనక దొరికింది. అప్పటికి నేను అంగన్‌వాడీ టీచర్‌నే. ఊరి పిల్లలకు ఆటపాటలు, నా పిల్లకు దిద్దుడు!

“అక్షరాభ్యాసం అయింది కదా, ఇంకా రాయడం లేదేమిటి?” అని తల్లులు అడుగుతుంటారు. పుట్టినప్పుడు బిడ్డ మణికట్టులో ఉండేది మెత్తని మృదులాస్థి. అక్కడి 8 ఎముకలు ఏళ్ల తరబడి ఒక్కొక్కటిగా గట్టిపడతాయి. అందుకే ముందు వేళ్లకు పని చెప్పండి.

కూర తరిగేటప్పుడు పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని పచ్చి బఠానీలు ఒలవమనండి. చిక్కుడుకాయలకు ఈనెలు తీయించండి. చపాతీ పిండిలో చిన్న ముద్ద ఇస్తే పాములు, లడ్డూలు చేస్తుంది. ఆరేసిన బట్టలకు క్లిప్పులు పెట్టడం కూడా వేళ్లకు మంచి కసరత్తే. పని రెట్టింపవుతుంది, ఒప్పుకుంటాను. అయినా చేతిలోంచి లాక్కోకండి. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు: గింజలు నోట్లో, ముక్కులో పెట్టుకునే వయసు కాబట్టి మీ కళ్లెదుటే ఆడనివ్వాలి.

లెక్కలకు చింతగింజలు చాలు. మా కేంద్రానికి వచ్చిన ఒక బాబు వంద వరకు గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పేవాడు. ఐదు గింజలు ఇవ్వమంటే గుప్పెడు తీసి ఇచ్చాడు. నోటికి వచ్చిన అంకె చేతికి రావాలంటే ఒక్కో గింజనూ ముట్టుకుంటూ లెక్కపెట్టించాలి. భోజనాల వేళ “మనం నలుగురం, కంచాలు తీసుకురా” అనండి. ఒకటి తక్కువ తెచ్చినా మీరు చెప్పకండి. తనే మనిషికొకటి పెడుతూ కనిపెడుతుంది.

అక్షరాల విషయంలో నాకు ఒక పట్టుదల ఉంది. ‘అ’తో మొదలుపెట్టను. దాని మెలికలు చిన్న చేతికి కష్టం. ముందు ఇసుకలో వేలితో సున్నాలు చుట్టిస్తాను. ఒకరోజు ఆ సున్నాకు తలకట్టు పెడితే ‘ర’. లోపల చుక్క పెడితే ‘ఠ’. “నాకు రెండు వచ్చేశాయి” అని పిల్లలు ఇంటికి పరిగెత్తుతారు. వరుస తప్పిందని తాతయ్యలు కోప్పడతారు, పడనివ్వండి.

రాత్రి కథ చెప్పేటప్పుడు మధ్యలో ఆగి “ఇప్పుడు కోతి ఏం చేస్తుంది?” అని అడగండి. జవాబు ఎంత వింతగా ఉన్నా దిద్దకండి. ఆ మాటలు ఇంటి భాషలోనే సాగనివ్వండి.

దగ్గర్లో అంగన్‌వాడీ ఉంటే పంపండి. అంగన్‌వాడీలను నడిపే, 1975లో మొదలైన ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి సేవలు) పథకంలో గుడ్డు, భోజనమే కాదు, 3 నుంచి 6 ఏళ్ల పిల్లలకు ఆటపాటల చదువూ ఉంది. ప్రైవేటు బడికే పంపాలనుకుంటే ముందు అక్కడి నర్సరీ పిల్లల నోటు పుస్తకాలు చూపించమనండి. నిండా రాతలే ఉంటే నేనైతే వెనక్కి వచ్చేస్తాను.

పిల్ల తనంతట తానే పలక అడిగిన రోజున కొత్త బలపం ఇవ్వకండి. విరిగిన చిన్న ముక్క ఇవ్వండి. పొడుగు బలపాన్ని పిడికిట్లో పట్టుకుంటుంది, చిన్న ముక్కనైతే వేళ్ల కొసలతోనే పట్టుకోవాలి.