తాగుడు మానేశాక ఏది తాగినట్టు, ఏది కాదు: ముందే తేల్చుకోవడం ఎలా

కాణిపాకం కోనేట్లో మునిగి, వినాయకుడి ముందు ఇక తాగనని ప్రమాణం చేసి వచ్చినవాళ్లు మన చిత్తూరు జిల్లాలో ఏ ఊళ్లో అడిగినా కనబడతారు. ఆ స్వామి దగ్గర అబద్ధమాడితే ఊరుకోడన్న భయం చాలామందిని నిజంగానే నిలబెడుతుంది, దాన్ని నేను తీసిపారేయను. కాకపోతే అక్కడ ‘తాగను’ అని ఒక్క మాటే అంటారు. ఆ తర్వాత రెండో నెలలోనో మూడో నెలలోనో మనలోని లాయరు లేస్తాడు. బ్రాందీ గురించే కదా సామీ అన్నది, బీరు మాట ఎత్తలేదే. కల్లు చెట్టు నుంచి వచ్చేది, దానికేం. మాల వేసుకున్న 41 రోజులూ ముట్టలేదు కాబట్టి కంట్రోల్ నా చేతిలోనే ఉంది, ఒక్క నైంటీతో ఏమవుతుంది. గమనించండి, ఈ వాదనలు పొద్దున ఎవరికీ రావు, సాయంత్రం ఏడు దాటాకే వస్తాయి.

అందుకే ఏది తాగినట్టు అన్నది పొద్దున పూట, బుర్ర తేటగా ఉన్నప్పుడు తేల్చి కాగితం మీద పెట్టుకోవాలి. ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) అని తాగుడు మానేవాళ్ల సంఘం ఒకటుంది, దాని మీటింగులకు వెళ్లేవాళ్లకు తెలుసు, 1935లో అమెరికాలో మొదలైన ఆ సంఘంలో చేరడానికి ఉన్న షరతు ఒక్కటే, తాగుడు మానాలన్న కోరిక. ఏ సిరప్పు లెక్కలోకి వస్తుంది, ఏ కేకు రాదు అనే పట్టిక అక్కడ ఎవరూ చేతిలో పెట్టరు. అది మనమే రాసుకోవాలి, రాసింది ఒక మనిషికి వినిపించాలి. భార్య కావచ్చు, అన్న కావచ్చు, డాక్టరు కావచ్చు. మనతో కలిసి తాగినవాడు మాత్రం వద్దు.

ఇక్కడ ఒక్క మాట. ఇదంతా ఇప్పటికే మానేసినవాళ్లకు. ఇంకా రోజూ తాగుతూ, పొద్దున చుక్క పడకపోతే చేతులు వణికేవాళ్లు ఇది చదివి ఇవాళే ఉన్నపళంగా ఆపేయొద్దు. అలాంటివాళ్లకు ఆపిన ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజులకు మతి తప్పి లేనివి కనిపించవచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. ముందు ఆస్పత్రిలో మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లండి, మాత్రలతో మెల్లగా దింపుతారు. ఎక్కడికి పోవాలో తెలియకపోతే 14416కి ఫోన్ చేయండి, అది టెలీ మానస్, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్. మత్తు మానడానికి ప్రత్యేకంగా ఉన్న నంబరు 14446.

ఇక కాగితం సంగతి. మొదట బీరు, కల్లు, వైను, బ్రీజరు, ఊళ్లో కాచే సారాయి అన్నిటినీ పేరుపేరునా రాయండి, ‘మందు’ అని ఒక్క ముక్కలో రాసి వదిలేయొద్దు. బీరు దగ్గర మనసు ఒప్పుకోకపోతే లెక్క వేసి చూడండి. 8 శాతం ఉన్న స్ట్రాంగ్ బీరు 650 మిల్లీలీటర్ల సీసాలో 52 మిల్లీలీటర్ల అసలు ఆల్కహాల్ ఉంటుంది. 42.8 శాతం ఉన్న విస్కీ నైంటీలో, అంటే 90 మిల్లీలీటర్లలో, ఉండేది 38 చిల్లర. అంటే బీరేలే అని ఎత్తిన సీసా నైంటీని దాటిపోయింది. కల్లు చెట్టు దిగిన గంటల్లోనే పులుస్తుంది, 4, 5 శాతం మామూలుగా ఉంటుంది. తాజా నీరా అయితే పర్లేదు కదా అంటారా? దించిన కుండ ఎంత తాజాదో అమ్మేవాడికే సరిగ్గా తెలియదు, అందుకని దాన్నీ నేను ముట్టనివాటిలోనే రాస్తాను.

పట్టించుకోనక్కర్లేనివి కూడా రాసుకోండి, లేకపోతే కొత్తల్లో ప్రతిదానికీ టెన్షన్ పడతారు. పులిసిన దోశ పిండి, చద్దన్నం, బాగా మగ్గిన అరటిపండు, బ్రెడ్డు, వీటన్నిట్లో ఏదో ఆనవాలుగా ఆల్కహాల్ ఉంటుంది. ఉండనీయండి. చద్దన్నం తిని ఎవరూ తూలలేదు.

అసలు చిక్కంతా మందుల షాపులో. దగ్గు సిరప్పు ఇచ్చినప్పుడు డబ్బా తిప్పి వెనకాల సన్నక్షరాలు చదవండి, కొన్నిటిలో ఆల్కహాల్ ఇంత శాతం అని అక్కడే ఉంటుంది. కనబడితే వెనక్కిచ్చి ఆల్కహాల్ లేనిది అడగండి, దొరుకుతుంది. అడగడానికి సిగ్గయితే షుగర్ ఉందని చెప్పినట్టే ఇది నాకు పడదని చెప్పండి, కౌంటరులో అబ్బాయి మీ జాతకం అడగడు. హోమియో చుక్కల్లో, మదర్ టింక్చర్లలో ఆల్కహాల్ బాగా ఎక్కువ. డాక్టరుతో సంగతి చెబితే వేరే రూపంలో ఇస్తారు. ఇక అరిష్టాలు, ఆసవాలు. ద్రాక్షారిష్టం, దశమూలారిష్టం పులియబెట్టి చేసేవి, 5 నుంచి 10 శాతం దాకా ఆల్కహాల్ వాటిలో దానంతటదే తయారవుతుంది, లేబులు మీదా రాస్తారు. వైద్యుడు చెప్పిన రెండు చెంచాలు వేరు. కానీ 10 శాతం ఉన్న 450 మిల్లీలీటర్ల సీసా ఎత్తితే 45 మిల్లీలీటర్ల ఆల్కహాల్, మళ్లీ నైంటీ దాటినట్టే. ఒంట్లో నీరసమని అరిష్టం మొదలెట్టి వారానికి రెండు సీసాలు లేపేవాళ్లున్నారు, వాళ్లు తాగుడు మానలేదు, షాపు మార్చారంతే. మౌత్‌వాష్‌ది కూడా ఇదే వరస, ఆల్కహాల్ లేని రకం కొనుక్కుంటే గొడవే ఉండదు.

తాగుడు మానడానికి డాక్టర్లు రాసే డైసల్ఫిరామ్ మాత్ర వాడేవాళ్లకు ఇది పట్టింపుల విషయం కాదు, ప్రమాదం. ఆ మాత్ర ఒంట్లో ఉండగా ఆల్కహాల్ కొద్దిగా పడినా మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, బీపీ పడిపోవచ్చు. ఆపేశాక కూడా రెండు వారాల దాకా ఆ గుణం ఉంటుంది. అక్కల్లారా, అమ్మల్లారా, మీకు కూడా చెబుతున్నా, తాగుడు మాన్పిస్తుందని కూరలో తెలియకుండా కలిపి పెట్టే పొడి జోలికి పోకండి. అందులో ఏముందో తెలియదు. మీరు కలిపిన సంగతి తెలియని మనిషి బయట క్వార్టర్ తాగితే ఆయన్ని ఆస్పత్రికి మోసుకుపోయేది మీరే. డాక్టరు రాసిన నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటివి మనిషికి తెలిసి వాడేవి, అవి వాడితే మానినట్టు కాదు అనేవాళ్ల మాట వినకండి.

0.0 బీరు దగ్గర గొడవలు జరుగుతాయి. నాన్ ఆల్కహాలిక్ అని రాసిన కొన్నిటిలో 0.5 శాతం దాకా ఉంటుంది, కొన్నిటిలో అసలుండదు. నా మాట అడిగితే శాతంతో నాకు పనిలేదు. అదే సీసా, అదే నురుగు, పక్కన మంచింగు, ఎదురుగా అదే బ్యాచ్. నాలుక్కి మాత్రమే తేడా తెలుస్తుంది, అదీ రెండో వారానికల్లా ఇదేం సప్పగా ఉంది అని సణుగుతుంది. తాగినట్టు కాదని ఒప్పుకుంటాను, కానీ నా కాగితంలో అది ముట్టనివాటిలోనే ఉంది. మీ ఇంట్లో మీ పిల్లలతో తాగితే మీ ఇష్టం, పర్మిట్ రూములో మాత్రం వద్దు.

వంటలో పోసిన వైను ఉడికితే ఎగిరిపోతుందనేది సగం నిజం. అమెరికా వ్యవసాయ శాఖ లెక్కల్లో అరగంట ఉడికాక కూడా మూడో వంతు పైనే మిగులుతుంది. క్రిస్మస్‌కు రమ్ములో నానబెట్టిన కేకు వస్తే తినకుండా ఎవరికైనా ఇచ్చేయండి. జాతరలో అమ్మవారికి పోసిన సారాయి ప్రసాదమని చేతిలో పోస్తే కళ్లకద్దుకుని కింద వదిలేయండి, అమ్మ ఏమీ అనుకోదు, అనుకునేది మేనమామే. కొండమీద బాధ లేదు, అక్కడ మద్యం నిషేధం. అలిపిరి దిగి ఇల్లు చేరేదాకానే జాగ్రత్త.

తెలియక నోట్లోకి పోతే? పెళ్లిలో ఎవరో కూల్‌డ్రింకులో కలిపి ఇచ్చారు, ఒక గుక్క పోయాక తెలిసింది. అది తాగినట్టు కాదు. తెలిశాక రెండో గుక్క మింగితే తాగినట్టే. అనుమానంగా ఉన్నవాటికి నేను చూసేది ఒక్కటే, ఇది ఆ కాగితం విన్న మనిషికి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పగలనా? నోరు రాలేదంటే అది లెక్కలోకి వచ్చినట్టే. నిద్ర రాలేదని సొంతంగా మింగిన ఆల్‌ప్రజోలామ్ అయినా, ఎవడో చుట్టిచ్చిన గంజాయి అయినా ఇదే పద్ధతి, సీసా లేనంత మాత్రాన బయటపడినట్టు కాదు.

తెలిసి తాగేస్తే రోజుల లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలెట్టండి, దాచొద్దు. పాత నెలల్లో లివరుకు దొరికిన విశ్రాంతి ఎటూ పోదు, ఎలాగూ పోయింది కదా అని సీసా ఖాళీ చేయడమే అసలు నష్టం. మిగిలింది సింకులో పోసి, ఆ మనిషికి ఫోన్ చేసి, పడుకోండి. డైసల్ఫిరామ్ వాడుతూ గానీ, ఆపి రెండు వారాలు కాకముందే గానీ తాగి ఉంటే మాత్రం పడుకోవద్దు, ఏమీ కాలేదనిపించినా ఆస్పత్రికి వెళ్లండి. మధ్యలో మాత్ర ఆపేసి తాగినవాళ్లు, పట్టుదల కొద్దీ ఆ రాత్రే మళ్లీ వేసుకోవద్దు, తాగాక కనీసం 12 గంటలు గడవాలి, అదీ డాక్టరు సరే అన్నాకే.