పాత బడి ఆడిటోరియం బాగు చేయడం ఎలా? పైకప్పుతో మొదలు, రంగు ఆఖరున

అనంతపురం లాంటి సీమ పట్టణాల్లో పాత హైస్కూలు అంటే ఒక పెద్ద హాలు ఉండాల్సిందే. వార్షికోత్సవం, వక్తృత్వ పోటీలు, పరీక్షలు, ఎన్నికలొస్తే పోలింగ్ సామగ్రి, అన్నిటికీ అదే దిక్కు. ఆ హాలు బాగు చేద్దామని కమిటీ కూర్చోగానే మొదట వచ్చే మాట రంగు. రెండోది దాతల పేర్లు రాసే ఆర్చి. ఉన్న డబ్బు ఆ రెండింటికే సరిపోతుంది. సెప్టెంబరు వానలకు కొత్త రంగు మీదే చెమ్మ దిగుతుంది, చివరి వరసలో పిల్లలకు మాట ఎప్పట్లాగే వినిపించదు.

పని వరస ఇలా పెట్టుకోండి: పైకప్పు, కరెంటు, బయటికి దారులు, శబ్దం, స్టేజీ. రంగు అన్నీ అయ్యాకే.

ముందు చూసి రాసుకోండి

సుత్తి పిడితో గోడల్ని, పైకప్పు అడుగును తట్టుకుంటూ పోండి. డొల్ల శబ్దం వచ్చిన చోటల్లా సుద్దతో గీత గీసి ఫొటో తీయండి. చెమ్మ ఎక్కడ మొదలై ఎంత కిందికి దిగిందో చూడండి. గోడ పైనుంచి వస్తే కప్పు లోపం, పునాది నుంచి పైకి ఎక్కుతుంటే బయటి కాలువ లోపం. రెండింటికీ మందు ఒకటి కాదు. ఆ తర్వాత కట్టడాల ఇంజనీరును పిలిపించి చూపించండి. ప్రభుత్వ బడి అయితే హెడ్మాస్టరు, యాజమాన్య కమిటీ ద్వారా శాఖ ఇంజనీర్ల అంచనా తీసుకోకుండా ఒక్క ఇటుక కూడా కదిలించొద్దు.

పైకప్పు ఏ రకమో తెలిస్తేనే మందు

పాత హాళ్లలో మూడు రకాలు కనిపిస్తాయి. మొదటిది మద్రాసు మిద్దె: టేకు దంతెలు, వాటి మీద నిలువుగా పేర్చిన ఇటుకలు, పైన సున్నపు కాంక్రీటు. దీనికి ప్రాణం దంతెలు. అవి గోడలోకి దూరే చోట స్క్రూడ్రైవరుతో గుచ్చి చూడండి. చెదలైనా, చెమ్మకు కుళ్లడమైనా అక్కడే మొదలవుతుంది. మొన దిగబడిపోతే ఆ దంతె మార్చాలి. ఈ మిద్దె మీద సిమెంటు కాంక్రీటు పోయడం పెద్ద పొరపాటు. బరువు పెరుగుతుంది, సున్నం పీల్చిన తేమ బయటికి పోయే దారి మూసుకుంటుంది, రెండేళ్లలో పొర ఊడుతుంది. గానుగ సున్నం, ఇసుక, ఇటుక పొడి కలిపి, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లతో చేసే పాత పద్ధతే దీనికి సరి. ఆ పని తెలిసిన బేల్దారి మేస్త్రీలు తగ్గిపోయారు కానీ లేకపోలేదు. పాత గుళ్ల మరమ్మతు చేసినవాళ్లను వాకబు చేయండి.

రెండోది ఆర్‌సీసీ, అంటే ఇనుప కమ్మీలు పెట్టి పోసిన కాంక్రీటు. కప్పు కింద కమ్మీ బయటపడి తుప్పు పట్టి ఉంటే పైన సిమెంటు మెత్తడం కాదు పని. వదులు కాంక్రీటు చెక్కేసి, కమ్మీ తుప్పు తెల్లగా గీకి, తుప్పు నిరోధక పూత వేసి, పాలిమర్ కలిపిన మోర్టారుతో నింపాలి. ఇక్కడే మన ఎండ దెబ్బ తీస్తుంది. వేడి, పొడి వాతావరణంలో ఇప్పుడు అందరూ వాడే పీపీసీ సిమెంటుతో (బూడిద కలిపిన రకం) చేసిన కాంక్రీటును 14 రోజులు తడపాలని భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. మే నెల అనంతపురంలో పొద్దున ఒక బకెట్, సాయంత్రం ఒక బకెట్ చల్లితే తడిపినట్టు కాదు. తడి గోనెసంచులు పరిచి, ఆరకుండా చూడాలి. నీళ్ల ట్యాంకరు ఖర్చు అంచనాలో ముందే రాసుకోండి, లేకుంటే మేస్త్రి నాలుగో రోజే తడపడం మానేస్తాడు.

మూడోది సిమెంటు రేకులు. పాతవాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. ఆ పీచు ఊపిరితిత్తుల్లోకి పోతే ఏళ్ల తర్వాత క్యాన్సర్ తెచ్చే రకం. రేకు పగలగొట్టొద్దు, కోయొద్దు, కొత్త బెజ్జాలు వేయొద్దు. పిల్లలు లేని రోజుల్లో, తడిపి, బోల్టులు విప్పి మొత్తంగా దించి, ప్లాస్టిక్ పట్టలో చుట్టాలి. పనివాళ్లకు మంచి మాస్కులు తప్పనిసరి. బదులుగా ఉక్కు రేకులు వేస్తే వాటి కింద ఇన్సులేషన్ పొర కూడా వేయండి. లేకుంటే వాన పడితే రేకుల చప్పుడుకు ఉపన్యాసం ఆగుతుంది.

ఏ కప్పు అయినా వెంటిలేటర్లకు జాలీ కొట్టించండి. పావురాల, గబ్బిలాల రెట్ట ఎండినది ఊడ్చేముందు నీళ్లు చల్లాలి. దాని దుమ్ము పీల్చడం మంచిది కాదు.

కరెంటు, తలుపులు

1995 డిసెంబరు 23న హర్యానాలోని డబ్వాలీలో ఒక బడి వార్షికోత్సవం జరుగుతుండగా మంటలు లేచి 400 మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది పిల్లలే. మంట ఎంత చంపిందో, బయటికి దారి లేకపోవడమూ అంతే చంపింది. ఈ ఒక్క సంఘటన గుర్తుంటే ఆర్చి డబ్బు తలుపులకు మళ్లించడం కష్టం కాదు. హాలుకు ఎదురెదురు దిక్కుల్లో కనీసం రెండు దారులు, బయటివైపు తెరుచుకునే తలుపులు ఉండాలి. కార్యక్రమం జరుగుతుండగా గొళ్లెం, తాళం ఉండకూడదు. ప్రతి బడిలో ఒక పక్క తలుపు వెనకాల విరిగిన బెంచీలు పేర్చి ఉంటాయి. ముందు వాటిని తీయించండి.

చెక్క పట్టీల మీద లాగిన పాత తీగలు ఎంత బాగున్నట్టు కనిపించినా మొత్తం మార్చండి. కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, పెట్టించండి. స్టేజీ లైట్లకు ఒక సర్క్యూటు, మైకుకు వేరే సర్క్యూటు ఉంటే స్పీకర్లలో గుయ్యిమనే రొద తగ్గుతుంది. మన నేల పొడి నేల కాబట్టి ఎర్తు గుంతలో ఉప్పు, బొగ్గు వేసి, ఎండాకాలమంతా నీళ్లు పోయాలి. ఎర్తు రెసిస్టెన్స్ కొలిచి కాగితం ఇమ్మని ఎలక్ట్రీషియన్‌ను అడగండి.

మాట వినిపించాలంటే

తాడిపత్రిలో 1880లో పుట్టిన బళ్లారి రాఘవ మైకు లేని కాలంలో నాటకాలాడాడు. గొంతు సంగతి అలా ఉంచితే, హాలు మోగితే ఎంత గొంతున్నా మాట ముద్దవుతుంది. ఖరీదైన స్పీకర్లు కొంటే ఆ ముద్ద ఇంకా పెద్దగా వినిపిస్తుంది, అంతే.

1895లో హార్వర్డ్‌లో ఒక లెక్చరు హాలులో మాట అర్థం కావడం లేదంటే వాలెస్ సబైన్ అనే యువ అధ్యాపకుడికి ఆ సంగతి చూడమని అప్పగించారు. అతను పక్క థియేటరు కుర్చీల మెత్తలు రాత్రిళ్లు మోసుకొచ్చి పరుస్తూ, తీస్తూ లెక్క తేల్చాడు. అడుగుల్లో ఆ లెక్క ఇది: హాలు ఘనపరిమాణాన్ని 0.049తో గుణించి, శబ్దం పీల్చే మొత్తంతో భాగిస్తే శబ్దం ఎన్ని సెకన్లలో అణుగుతుందో వస్తుంది.

80 అడుగుల పొడవు, 40 వెడల్పు, 20 ఎత్తు ఉన్న హాలు తీసుకోండి. 64,000 ఘనపు అడుగులు, 0.049తో గుణిస్తే 3,136. గోడలు, నేల, కప్పు కలిసి 11,200 చదరపు అడుగులు. గచ్చు, బండ నూటికి మూడు పాళ్లే పీలుస్తాయి కాబట్టి పీల్చే మొత్తం 336. ఖాళీ హాలు లెక్కకు తొమ్మిది సెకన్లు మోగుతుంది. 300 మంది పిల్లలు కూర్చుంటే, ఒక్కొక్కరు నాలుగున్నర చొప్పున 1,350 కలిసి, రెండు సెకన్ల లోపుకు దిగుతుంది. మాట స్పష్టంగా వినిపించాలంటే ఒకటి, ఒకటింపావు సెకను దగ్గరికి తేవాలి. తెరిచిన కిటికీ తన వైశాల్యమంతా పీల్చినట్టే లెక్క, ఎందుకంటే వెళ్లిన శబ్దం తిరిగి రాదు. పది పెద్ద కిటికీలు తెరిస్తే 200 వస్తుంది. మిగిలినదానికి దాదాపు 900 చదరపు అడుగుల ప్యానెళ్లు కావాలి.

వాటిని బడిలోనే చేయించుకోవచ్చు. రెండంగుళాల మందం రాక్‌వుల్ (రాతి పీచు) పలకలు, చుట్టూ చెక్క చట్రం, పైన గుడ్డ. గోడకు రెండంగుళాల ఎడం ఉంచి బిగించాలి. గుడ్డను నోటికి పెట్టుకుని ఊదండి. ఊపిరి అవతలికి పోతే శబ్దమూ పోతుంది. ఎమ్మిగనూరు మగ్గం గుడ్డ బాగా పనికొస్తుంది, రెక్సిన్ పనికిరాదు. రాక్‌వుల్ కోసేటప్పుడు చేతి తొడుగులు, మాస్కు వేసుకోవాలి. కోడిగుడ్ల అట్టలు, థర్మోకోల్ మాటకు పనిచేయవు సరికదా, అంటుకుంటే ఆపలేం.

ముందుగా వెనక గోడకు కొట్టండి. స్టేజీ నుంచి వెళ్లిన మాట ఆ గోడకు తగిలి 160 అడుగులు తిరిగొచ్చి ముందు వరసను చెడగొట్టేది అక్కడినుంచే. మిగిలినవి పక్క గోడల వెనక సగంలో. స్టేజీ దగ్గరి గోడలు గట్టిగానే ఉండనివ్వండి, మాటను ముందుకు తోసేవి అవే.

స్టేజీ, తెర

నేలకు తాడిపత్రి బండలు చాలు, పాతవి అరిగి ఉంటే తిప్పి పాలిష్ చేయించినా సరిపోతుంది. పిల్లలు నేల మీద కూర్చునే హాలులో స్టేజీ మూడడుగులు మించకూడదు, లేకుంటే ముందు వరస మెడలు నొప్పి. చక్రాల కుర్చీకి ర్యాంపు ఒక అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు లెక్కన మూడడుగులకు 36 అడుగులు పడుతుంది. చోటు లేకపోతే ఎల్ ఆకారంలో మలుపు తిప్పండి.

తెర మంట తట్టుకునే గుడ్డదే కొనండి. పాత నూలు తెరే వాడాలంటే లీటరు వేడినీళ్లకు 70 గ్రాముల బోరాక్స్, 30 గ్రాముల బోరిక్ యాసిడ్ కలిపి ముంచి ఆరేయవచ్చు. ఒక పీలికను బయట వెలిగించి చూశాకే కట్టండి. ఉతికితే మందు పోతుంది, మళ్లీ ముంచాలి.

ఎప్పుడు, ఎంత

ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ 12 దాకా ఉన్న సెలవుల్లో కప్పు, కరెంటు ముగించండి. ప్యానెళ్లు, స్టేజీ దసరా సెలవులకు పెట్టుకోవచ్చు. పూర్వ విద్యార్థుల్ని చందా అడిగేటప్పుడు మొత్తం అంకె చెప్పకండి. ఒక్కో ప్యానెలు, ఒక్కో తలుపు ధర చెప్పండి, చేయి త్వరగా జేబులోకి పోతుంది.

మేస్త్రికి ఇవ్వాల్సినదాంట్లో పదోవంతు అక్టోబరు వానలు దాటేదాకా ఆపుతామని ఒప్పందంలోనే రాసుకోండి. కప్పు కారలేదని తేలాక ఆ డబ్బు ఇచ్చేసి, గోడలకు రంగు వేసేవాళ్లను పిలవండి. జనవరిలో వార్షికోత్సవానికి ఇంకా రెండు నెలలుంటాయి.