తక్కువ డబ్బుతో హుషారైన కారు – 4వ పాఠం: బండి చూడటానికి వెళ్లే రోజు

పోయిన పాఠంలో ఇచ్చిన లెక్కతో మొదలుపెడదాం. కారు పవర్‌ను బరువుతో భాగించి, టన్నుకు ఎంత పడుతుందో రాసుకోమన్నాను. 2013లో వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐకి 105 పీఎస్ (పవర్ కొలత, దాదాపు హార్స్‌పవర్‌తో సమానం), బరువు సుమారు 1,100 కిలోలు. టన్నుకు 95. 2018 మోడల్ పెట్రోల్ స్విఫ్ట్‌కు 83 పీఎస్సే, కానీ బరువు 870 కిలోల దగ్గర. దానికీ 95 వస్తుంది! బలెనో ఆర్ఎస్‌కు 102 పీఎస్, 950 కిలోలు. అంటే 107. ఫియట్ అబార్త్ పుంటో బరువైనదే, అయినా దాని టర్బో ఇంజిన్ (పొగ వేగంతో ఎక్కువ గాలిని లోపలికి నెట్టించుకునేది) 145 హార్స్‌పవర్ ఇస్తుంది కాబట్టి 120 దాటుతుంది.

మరి పోలో, స్విఫ్ట్ ఒకేలా పరుగెత్తుతాయా? లేదు. పోలోలో 175 ఎన్ఎమ్ టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) 1,500 ఆర్పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) నుంచే అందుతుంది. స్విఫ్ట్‌లో 113 ఎన్ఎమ్, అదీ 4,200 దగ్గర. పోలో తొక్కగానే లాగుతుంది, స్విఫ్ట్‌ను గేర్లు మార్చి లాగించుకోవాలి. నాకు రెండోదే ఎక్కువ ఇష్టం. తేలిక బండి మలుపులో చేతికి చెప్పే కబురు వేరుగా ఉంటుంది. 1989లో మాజ్డా తెచ్చిన ఎంఎక్స్-5 మన దేశంలో అధికారికంగా అమ్మలేదు గానీ, టన్నులోపు బరువు, 115 హార్స్‌పవర్ చుట్టూ ఉన్న ఇంజిన్‌తోనే ప్రపంచమంతా అభిమానులను సంపాదించుకుంది.

ఇక అంకెలు పక్కన పెట్టండి. ఈ రోజు నుంచి మీరు చూడాల్సింది మోడల్‌ను కాదు, మీ ముందు నిలబడిన ఆ ఒక్క బండిని. అలసిపోయిన అబార్త్ కన్నా, బాగా చూసుకున్న స్విఫ్ట్ పది రెట్లు సరదాగా ఉంటుంది. అందుకే మీ దగ్గర 5 లక్షలుంటే 4 లక్షల బండే చూడండి. మిగతా లక్ష టైర్లకు, షాక్ అబ్జార్బర్లకు, బుష్‌లకు, ఆయిళ్లకు. పాత స్పోర్ట్స్ బండి సరదా సగం వీటిలోనే ఉంటుంది.

ముందు ఫోన్‌లో ఒకే ఒక్క మాట అడగండి: "అన్నా, నేను వచ్చేదాకా బండి స్టార్ట్ చేయకండి." పొద్దున్నే వెళ్లండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే కారణం అడగండి, నమ్మకం కుదరకపోతే ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చేయండి. నేను కొన్న మొదటి టర్బో బండి సాయంత్రం చూశాను. అప్పటికే అది నడిచి వచ్చి వేడిగా ఉంది. ఇంటికి తెచ్చాక మర్నాడు పొద్దున స్టార్ట్ చేస్తే ఇంజిన్ లోపలి టైమింగ్ గొలుసు గలగలలాడిన చప్పుడు, సైలెన్సర్ నుంచి నీలం పొగ. డబ్బు పోయిందన్న బాధ ఒకటైతే, ఎంతో ఆశపడి కొనుక్కున్న బండి నాలుగు నెలలు షెడ్డులో పడి ఉండటం ఇంకో బాధ. రాత్రంతా చల్లబడిన ఇంజిన్ దేన్నీ దాచలేదు.

స్టార్ట్ చేసేటప్పుడు మీరు లోపల కూర్చోకండి, వెనకాల నిలబడండి. తాళం తిప్పే పని ఓనర్‌దే. మొదటి క్షణంలో కాస్త తెల్లటి ఆవిరి వస్తే భయం లేదు, అది తేమ. ఇంజిన్ వేడెక్కాక కూడా తీపి వాసనతో తెల్లపొగ ఆగకుండా వస్తుంటే కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) ఇంజిన్ లోపలికి కారుతోందని అనుమానించాలి. నీలం పొగ అంటే ఇంజిన్ ఆయిల్ కాలుతోంది. ఆ పొగ ఎప్పుడు వచ్చిందో గమనించండి. తొక్కినప్పుడు వస్తే పిస్టన్ రింగులు, కాలు తీసి మళ్లీ తొక్కినప్పుడు గుప్పున వస్తే వాల్వ్ సీళ్లు అయి ఉండొచ్చు. టర్బో బండిలో మూడో అనుమానం టర్బోనే. రేస్ చేస్తున్నకొద్దీ సైరన్ లాంటి కూత పెరుగుతుంటే జాగ్రత్త.

ఇంజిన్ స్టార్ట్ చేయకముందే ఆయిల్ మూత తీసి చూడండి. అడుగున మీగడలాంటి పదార్థం పేరుకుందంటే ఆయిల్లో నీరు కలుస్తోందేమో అడగాలి. కూలెంట్ డబ్బాలో రంగు ద్రవం ఉండాల్సిన చోట తుప్పు రంగు నీళ్లు కనిపిస్తే, ఎవరో కుళాయి నీళ్లు పోసి నడిపారు. ఒక్క చూపులో ఆ ఓనర్ బండిని ఎలా చూసుకున్నాడో తెలిసిపోతుంది. రేడియేటర్ మూత మాత్రం ఇంజిన్ వేడిగా ఉండగా తీయకండి, చెయ్యి కాలుతుంది.

బాడీకి ఎక్కువ సమయం అక్కర్లేదు. తలుపు రబ్బరు లాగి కింద స్పాట్ వెల్డింగ్ చుక్కలు వరసగా ఉన్నాయో లేదో, బానెట్ బోల్టుల మీద పెయింట్ చెదిరిందో లేదో చూడండి. తేడా ఉంటే గుద్దుకుని బాగు చేయించిన బండి కావచ్చు. వరద బండి విషయం మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. 2015 డిసెంబరులో చెన్నై, 2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగాయి. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగండి. వరద బండైతే, పైకి శుభ్రంగా ఉన్న బెల్టు చివరి అడుగులో బురద గీత ఉండొచ్చు. సీటు పట్టాల కింద తుప్పు, స్టెప్నీ గుంటలో మట్టి చూడండి. ఏసీ వేసినప్పుడు ముక్కిపోయిన వాసన వస్తోందేమో గమనించండి. అనుమానం వస్తే ఎంత చవకైనా వద్దు. వైరింగ్ జబ్బుకు అంతం ఉండదు.

టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం. గాడులు ఎంత లోతుగా ఉన్నా ఆరేళ్లు దాటిన టైరు రబ్బరు గట్టిపడుతుంది, వానలో మలుపు తిరిగేటప్పుడు పట్టు వదిలేస్తుంది. లోపలి అంచు మాత్రమే అరిగి ఉంటే అలైన్‌మెంట్ పోయిందనో, చక్రాన్ని పట్టి ఉంచే లోయర్ ఆర్మ్‌లోని రబ్బరు బుష్ కొట్టేసిందనో అర్థం.

ఇప్పుడు టెస్ట్ డ్రైవ్. ఇరవై నిమిషాలకు తక్కువైతే ఒప్పుకోకండి. మ్యూజిక్ ఆపేయండి, అద్దాలు దించండి. ముందు స్పీడ్ బ్రేకర్లున్న గల్లీలో నెమ్మదిగా పోనివ్వండి. టక్‌మని ఒక్క దెబ్బ వినిపిస్తే లింక్ రాడ్లు, దడదడ అంటే స్ట్రట్ మౌంట్లు, రెండూ సస్పెన్షన్ భాగాలే. ఇవి చిన్న ఖర్చులు, బేరానికి పనికొస్తాయి. ఖాళీ రోడ్డు దొరికాక నాలుగో గేరులో 40 కిలోమీటర్ల వేగం దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఆర్పీఎం ముల్లు ఎగిరి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. తర్వాత మూడు నుంచి రెండుకు వేగంగా గేరు దించండి. గరగరమంటే సింక్రోలు (గేరు మెత్తగా పడేలా చేసే రింగులు) అరిగాయి. హుషారుగా నడిపిన బండ్లలో త్వరగా అరిగేవాటిలో ఇవీ ఉంటాయి, బాగు చేయాలంటే గేర్‌బాక్స్ దించాలి. వెనక ఎవరూ లేరని చూసుకుని 60 నుంచి గట్టిగా బ్రేక్ వేయండి. స్టీరింగ్ ఒక పక్కకు లాగకూడదు.

ఆటోమేటిక్ గురించి అడిగినవాళ్లకు నా అభిప్రాయం ఇదీ: తక్కువ బడ్జెట్ అయితే మాన్యువల్ తీసుకోండి. పోలో జీటీ టీఎస్ఐలోని ఏడు గేర్ల డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్) నడపడానికి ఎంతో బాగుంటుంది. కానీ అందులో క్లచ్‌లు ఆయిల్లో మునిగి ఉండని రకం, ట్రాఫిక్‌లో పాకుతూ పోతే వేడెక్కుతాయి. దాన్ని నడిపించే మెకట్రానిక్స్ యూనిట్ పోతే ఖర్చు మీరు దాచిన లక్షనూ మింగేస్తుంది. చూడాలనిపిస్తే రద్దీ టైంలోనే చూడండి. ఒకటి నుంచి రెండుకు మారేటప్పుడు వణికితే వదిలేయండి. 2020 నుంచి వచ్చిన పోలో 1.0 టీఎస్ఐలో ఆరు గేర్ల మాన్యువల్ దొరుకుతుంది, అది దొరికితే నేనైతే వెంటనే చూడటానికి వెళ్తాను.

ఇంజిన్ రీమ్యాప్ (పవర్ పెంచడానికి ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) చేయించారా, సైలెన్సర్ మార్చారా అని సూటిగా అడగండి. కంపెనీ ఇచ్చిన స్వరూపం మారిస్తే చెల్లదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లోనూ చిక్కు వస్తుంది. వాడినది ఒక్క ఓనరే అయినా, మార్పులేవీ చేయని బండే మేలు.

చిన్న ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్స్ చదివే పరికరం) ఒకటి వెంట ఉంచుకోండి. కోడ్స్ ఏమీ లేవని సంతోషపడొద్దు, రెడీనెస్ మానిటర్లు (కారు తనను తాను పరీక్షించుకోవడం పూర్తయిందో లేదో చూపేవి) చూడండి. అన్నీ "నాట్ రెడీ" అని చూపిస్తే, మీరు వచ్చే ముందే ఎవరో కోడ్స్ చెరిపేసి ఉండొచ్చు.

ఈ వారం ఇంటి పని: ఒకే మోడల్‌వి మూడు బండ్లు చూసి రండి, మూడూ పొద్దున్నే, చల్లటి ఇంజిన్‌తో. పొగ రంగు, టైరు తేదీలు, గల్లీలో విన్న చప్పుళ్లు, రెండో గేరు పడిన తీరు ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. మూడోదాని దగ్గరికి వెళ్లేసరికి మీ చెవి మారి ఉంటుంది, మొదటిదాంట్లో వినిపించనివి వినిపిస్తాయి. నచ్చినా టోకెన్ డబ్బు మాత్రం ఇవ్వకండి. ఆర్సీ, హైపోతికేషన్ (బండి మీద ఉన్న లోన్ నమోదు), వేరే రాష్ట్రం బండి అయితే ఎన్వోసీ, 29, 30 ఫారాలు, ఇన్సూరెన్స్ మార్పుకు ఉండే 14 రోజుల గడువు, ఇవన్నీ 5వ పాఠంలో.