రెడ్ లిస్ట్ లెక్క మనమే వేద్దాం – 3వ పాఠం: ఎన్ని ఉన్నాయని కాదు, ఎంత తగ్గాయని

పోయిన పాఠంలో వర్గాల పేర్లు చూశాం గదా, ఐయూసీఎన్ (ప్రకృతిని కాపాడే అంతర్జాతీయ సంఘం) వాళ్ళు ఏ జాతికి అంతరించే ముప్పు ఎంతుందో చెప్పే రెడ్ లిస్ట్‌లో లీస్ట్ కన్సర్న్ (ముప్పు తక్కువ) నుంచి ఎక్స్‌టింక్ట్ (అంతరించిపోయింది) దాకా. వాటిల్లో వల్నరబుల్, ఎండేంజర్డ్, క్రిటికల్లీ ఎండేంజర్డ్, ముప్పు పెరిగే వరసలో ఈ మూడు గుర్తుంటే ఇవాళ్టికి చాలు. ఆ ముద్ర ఎట్టా వేస్తారో ఎర్రచందనం మీద చేసి చూద్దాం.

ఉదయగిరిలో మా చుట్టం ఒకాయన "ఎర్రచందనం అంతరించి పోవడమేందబ్బయ్యా, వెలికొండ మీద యాడ చూసినా అదే గదా" అన్నాడు. ఆయన చెప్పిందాంట్లో అబద్ధం లేదు. కొండెక్కితే మూడేసి ఆకుల రెమ్మలు, అంచు చుట్టూ రెక్క ఉన్న గుండ్రటి కాయలు కనపడతానే ఉంటాయి. కానీ నేను చూసిన చోట మొసలి వీపు మాదిరి బెరడు పగిలిన ముదురు చెట్లు తక్కువ, పాత మొద్దు నరికిన చోట లేచిన మణికట్టు లావు పిలకలే ఎక్కువ. మన లెక్క ఇక్కడే మొదలవుద్ది.

లెక్కలోకొచ్చేది పూత పూసి కాయ కాయగలిగిన చెట్టు మాత్రమే, అదీ అడవిలో దానంతటది పెరిగింది. నర్సరీలో కవర్ల మొక్కలు రావు, పొలం గట్టున మనం నాటుకున్నవీ రావు (చాలామంది వీటిని కలిపేసి అన్ని వేల చెట్లుంటే ముప్పేందని వాదిస్తారు). ఇంకోటి, మన ఊరి కొండ ఒక్కటే చూస్తే కుదరదు, లోకంలో ఆ జాతి ఎంతుందో అంతా చూడాలి. ఎర్రచందనం సహజంగా పెరిగేదే తూర్పు కనుమల దక్షిణ కొసన, కడప, చిత్తూరు, నెల్లూరు, ప్రకాశం, కర్నూలు కొండల వైపు, కాబట్టి ఇక్కడ పోయిందంటే ఇంకో దేశంలో ఉందిలే అనుకోడానికి లేదు.

తర్వాత ఎంత కాలం వెనక్కి చూడాలా అని. పదేళ్ళు, లేకపోతే మూడు తరాలు (తరమంటే ఇప్పటి పిల్ల మొక్కల్ని కన్న తల్లి చెట్ల సగటు వయసు), రెండిట్లో ఏది ఎక్కువైతే అది. గడ్డీగాదానికి పదేళ్ళు సరిపోద్ది గానీ చెట్లకి మూడు తరాలంటే చాలా వెనక్కి పోవాల.

ఇప్పుడు తగ్గుదల. 30 శాతమో పైనో తగ్గితే వల్నరబుల్, 50కి చేరితే ఎండేంజర్డ్, 80కి చేరితే క్రిటికల్లీ ఎండేంజర్డ్. ఊహకి ఒక జాతి తీసుకుందాం, మూడు తరాల కింద 400 చెట్లు, ఇప్పుడు 160. తగ్గింది 240, దాన్ని 400తో భాగిస్తే 60 శాతం, అంటే ఎండేంజర్డ్. మా పిలకాయలకి ఇచ్చి చూస్తే సగం మంది 160తో భాగించి 150 శాతం అన్నారు, ఉన్నదానికంటే ఎక్కువ ఎట్టా పోద్దిరా అంటే నవ్వుతారు. పాత అంకెతోనే భాగించాలి.

ఎర్రచందనాన్ని 2018లో వల్నరబుల్ కంటే ఒక మెట్టు కిందుండే నియర్ థ్రెటెన్డ్‌కి దించారు, 2021లో మళ్ళీ ఎండేంజర్డ్‌లోకి ఎక్కించారు, మూడు తరాల్లో తగ్గుదల 50 నుంచి 80 శాతం అని. కొండ మీద ఇంకా కనపడతానే ఉన్నా ఈ ముద్ర ఎందుకు పడిందో ఇప్పుడు తెలిసింది గదా.

ఒక మెలిక ఉంది. తగ్గడానికి కారణమేందో తెలిసి, అది పూర్తిగా ఆగిపోయి, మళ్ళీ కోలుకునే వీలుంటే 30, 50, 80 అనే గీతలు 50, 70, 90కి జరుగుతాయి. దొంగ నరుకుడు ఆగందే ఆ సడలింపు రాదు.

ఇదంతా 'ఏ' (A) అనే ప్రమాణం ఒక్కటే. ఏ, బీ, సీ, డీ, ఈ అని మొత్తం ఐదున్నాయి, వాటిల్లో ఏదో ఒకదాంట్లో పడినా చాలు, రెండు మూడిట్లో పడితే అన్నిటికంటే పెద్ద ముప్పు చూపించేదే ఖాయం చేస్తారు.

ఇంటి పని: ఈ రెండు జాతులు ఏ వర్గంలోకి వస్తాయో చెప్పండి. మూడు తరాల్లో మొదటి జాతి 900 నుంచి 630కి వచ్చింది, నరుకుడు ఆగలా. రెండోది 60 నుంచి 45కి వచ్చింది. రెండోదాని తగ్గుదల 25 శాతమే అని వదిలెయ్యబాకండి, డీ ప్రమాణంలో 50 కంటే తక్కువ ముదురు చెట్లుంటే ఏమంటారో ఒకసారి వెతికి చూడండి, జవాబు 4వ పాఠంలో సరిచూద్దాం.