ఎగువ రాజు, దిగువ రాజు: గొలుసుకట్టు చెరువుల మీద ఫాంటసీ కథ అల్లే పద్ధతి

పగబట్టిన ఇద్దరు రాజులు, ఇద్దరినీ మింగడానికి వచ్చే ఒక మాయశక్తి. ఇలాంటి కథలు చాలావరకు ఒకేచోట చతికిలబడతాయి. ఆపద ఇద్దరి మీదా ఒకే రాత్రి పడుతుంది, తెల్లారేసరికి ఇద్దరూ చేతులు కలుపుతారు. పాఠకుడికి నమ్మబుద్ధి కాదు. ఆపద ముందు ఒకరిని తాకాలి. దాన్ని రెండోవాడి మీదికి తోసేసే దారి ఆ ఒకరి చేతిలో ఉండాలి. మన దక్షిణ తెలంగాణ నేలలో ఆ దారి ఎప్పటినుంచో ఉంది: గొలుసుకట్టు చెరువులు.

ముందు కాగితం మీద ఏడు చెరువులు గీయండి. పై మూడు ఎగువ రాజువి, కింది నాలుగు దిగువ రాజువి. ప్రతి చెరువుకూ కట్ట, తూము, అలుగు (చెరువు నిండాక మిగులు నీళ్లు పొర్లిపోయే రాతి కట్టడం) గుర్తు పెట్టండి. తూములోంచి పోయే నీళ్లు సొంత ఆయకట్టుకు, అంటే ఆ చెరువు కింది పొలాలకు పారతాయి. అలుగు దుంకిన నీళ్లు కింది చెరువులోకి పోతాయి. ఈ తేడా మీదే కథంతా నిలబడుతుంది కాబట్టి పటం అయ్యేదాకా ఒక్క సంభాషణ కూడా రాయకండి.

రాజుల మధ్య పగకు నమూనా కావాలంటే దూరం పోనక్కర్లేదు. 14వ శతాబ్దంలో రేచర్ల పద్మనాయకుల్లో అన్న అనపోతనాయకుడు రాచకొండలో, తమ్ముడు మాదానాయకుడు దేవరకొండలో ఉన్నారు. గీత గీసి కొలిస్తే ఈ రెండు కోటల మధ్య సుమారు 50 కిలోమీటర్లు. పాలమూరు వైపు గద్వాల, వనపర్తి, కొల్లాపురం సంస్థానాలు పక్కపక్కనే ఉండేవి. ఈ దగ్గరితనాన్ని తీసుకుని పేర్లు మాత్రం మీరే కల్పించుకోండి. ఇద్దరు రాజులూ చుట్టాలైతే మరీ మంచిది. పెళ్లి పందిట్లో జరిగిన అవమానం సరిహద్దు రాయి తగాదాకంటే ఎక్కువ కాలం మండుతుంది.

ఇక మాయశక్తి. దానికి మూడు నియమాలు చాలు. ఒకటి, అది పారే నీళ్లతోనే కదులుతుంది, నిలిచిన నీళ్లలో నిద్రపోతుంది. రెండు, దాని వేరు మొదటి చెరువు పూడికలో ఉంది. మూడు, నీళ్లుండగా దాన్ని ఎవరూ తాకలేరు. ఇప్పుడు ఎగువ రాజు ముందున్న దారులు చూడండి. తూము తెరిస్తే ఆపద తన పొలాల్లోకి వస్తుంది. మూస్తే పంట ఎండుతుంది, చెరువు నిండి అలుగు దుంకి ఆపద శత్రువు ఊళ్లోకి పోతుంది. అతను తూము మూస్తాడు. మూయాలి కూడా. ఆ పని అతనికి న్యాయంగానే తోచేటట్టు రాయండి, లేకపోతే అతను మామూలు దుర్మార్గుడిగా మిగిలిపోతాడు.

ఆపద లేచిందని తెలియడానికి ఒక గుర్తు ఉండాలి. నల్లగొండ పక్కన పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో శివలింగం మీద స్తంభం నీడ పగలంతా కదలకుండా పడుతుంది. అదంతా కట్టడపు అమరిక మహిమ. మీరు కల్పించే గుడిలో అలాంటి నీడ ఒకరోజు జానెడు పక్కకు జరిగితే చాలు, రక్తపు వానలు అక్కర్లేదు.

ఆపద వేరు పెకలించాలంటే చెరువు ఎండాక పూడిక తీయాలి. అందుకు పొత్తు ఎందుకు తప్పదో లెక్క కట్టి చూపించాలి. చాలామంది వదిలేసేది ఇదే. మొదటి చెరువు 10 ఎకరాలు, అంటే సుమారు 40 వేల చదరపు మీటర్లు. అర మీటరు లోతు పూడిక తీయాలంటే 20 వేల ఘనపు మీటర్ల మట్టి. ఒక మనిషి రోజుకు ఒక ఘనపు మీటరు తవ్వి మోస్తాడనుకుందాం. ఎగువ రాజు దగ్గర 250 మందే ఉంటే 80 రోజులు పడుతుంది. చెరువు ఎండిన నాటినుంచి మిరుగు (వానలు మొదలయ్యే మృగశిర కార్తె) దాకా అతనికున్నవి 60 రోజులు. దిగువ రాజు ఇంకో 250 మందిని పంపితే 40 రోజుల్లో తేలుతుంది. తిండికి మనిషికి రోజుకు ముప్పావు కిలో జొన్నల చొప్పున 150 క్వింటాళ్లు, బండికి 8 క్వింటాళ్లు వేస్తే 19 బండ్లు. ఆ జొన్నలు ఆయకట్టు పెద్దదైన దిగువ రాజు గాదెల్లోనే ఉన్నాయి. అతని మనుషులు ఆయుధాలు లేకుండా పార, గడ్డపార, తట్ట పట్టుకుని శత్రువు నేల మీదికి నడిచి రావాలి. కత్తి యుద్ధంకంటే ఈ నడక రాయడం కష్టం. కనీసం ఒక అధ్యాయం దీనికే ఇవ్వండి.

కథను రాజుల కళ్లతో కాకుండా చెరువు నీళ్లు చూసుకునే నీరటి కళ్లతో చెబితే బిగువుగా ఉంటుంది. తూము ఎత్తేదీ దించేదీ అతనే. రెండు రాజ్యాల నీరట్లు చాటుగా కలుసుకునే చోట మాటలు ఇలా సాగొచ్చు:

"మీ అలుగు నిన్న రాత్రే దుంకిందంట గద బావా, కబురెందుకు పెట్టలే?"

"దొర వద్దన్నడు."

రాజులు మాత్రం ఉత్తరాల్లో 'మహారాజశ్రీ' అని రాసుకుంటారు, కట్ట మీద ఎదురుపడితే 'నువ్వు' అంటారు. 'మీరు' అనే మాట పూడికతీత మొదలయ్యాక, అదీ ఒక్కసారే రావాలి.

రెండు హెచ్చరికలు. నల్లగొండ ఫ్లోరైడ్ నీళ్లు వంచిన ఎముకలను శాపంగానో రాక్షసుడి పనిగానో మార్చకండి. అది బతికున్న మనుషుల నొప్పి. నల్లమల చెంచులను మంత్రగాళ్లుగా చూపించకండి. అడవిలో దారి, నీటి జాడ తెలిసిన మనుషులుగా రాయండి.

ముగింపును మిరుగు మొదటి వానతో కట్టండి. పూడిక తీసిన చెరువులో ఎక్కువ నీళ్లు పడతాయి, అలుగు ఆలస్యంగా దుంకుతుంది, దిగువ చెరువులు వెలితిగా ఉంటాయి. ఎగువ రాజు ఏదో రాత్రి అలుగు మీద ఇంకో వరస రాయి పేర్పించాడేమోనని దిగువ రాజుకు అనుమానం పుడుతుంది. అందుకే అలుగు రాయి ఎత్తు ఎన్ని మూరలో, దాన్ని ఇద్దరి తరఫున కొలిచే నీరటి ఎవరో మొదటి అధ్యాయంలోనే చెప్పి ఉంచండి.