ఇంజిన్ క్రాంక్‌షాఫ్ట్ మెయిన్ బేరింగులు మార్చే ముందు ఇవి చూసుకోండి

రంధ్రం, గాడి ఉన్న షెల్ (బేరింగ్ సగం ముక్క) సాధారణంగా ఇంజిన్ బ్లాక్ వైపు వస్తుంది, సాదాది బ్లాక్‌కు బోల్టులతో బిగించే క్యాప్ వైపు. తారుమారైతే ఆయిల్ దారి మూసుకుపోయి, స్టార్ట్ చేసిన కాసేపటికే క్రాంక్ పట్టేస్తుంది. కూర్చోబెట్టాక షెల్ రంధ్రం, బ్లాక్‌లోని ఆయిల్ రంధ్రం కలిశాయో లేదో టార్చ్ వేసి చూడండి.

క్యాప్‌లు విప్పకముందే నంబరు, ముందు వైపు గుర్తు పెట్టుకోండి. బ్లాక్‌కు బిగించి కలిపే బోర్ చేస్తారు కాబట్టి ఒకదాని చోట ఇంకొకటి సరిపోదు.

కొత్త సెట్ కొనేముందు జర్నల్‌ను (క్రాంక్‌లో బేరింగ్ మీద తిరిగే గుండ్రటి భాగం) మైక్రోమీటర్‌తో కొలవండి. ఇదివరకే గ్రైండ్ చేసి ఉంటే 0.25 లేదా 0.50 మి.మీ. అండర్‌సైజ్ (సన్నబడిన జర్నల్‌కు సరిపడే మందమైన షెల్) కావాల్సి రావచ్చు. పాత షెల్ వెనక ముద్రించిన సైజు కూడా చూడండి.

షెల్ వెనక వైపు పొడిగా, శుభ్రంగా ఉండాలి. అక్కడ ఒక్క నలుసు ఇరుక్కున్నా పైన ఉబ్బు వస్తుంది, సరిగ్గా అక్కడే అరుగుతుంది. ఆయిల్ లోపలి వైపే పూయాలి.

ప్లాస్టిగేజ్ (జర్నల్‌కూ షెల్‌కూ మధ్య సందు కొలిచే సన్నని ప్లాస్టిక్ తీగ) పెట్టి క్యాప్ బిగించాక క్రాంక్ అస్సలు తిప్పొద్దు, కొలత చెడిపోతుంది. ఆయిల్ పూయడం ఈ కొలత అయ్యాకే.

థ్రస్ట్ వాషర్ (క్రాంక్ ముందుకూ వెనక్కూ ఎక్కువగా జరగకుండా ఆపేది) మీది గాడులు క్రాంక్ వైపుకే.

క్యాప్ బోల్టులు బిగించినప్పుడు సాగే రకమైతే కొత్తవే వాడండి. ఇక్కడ పొదుపు వద్దు.

ఒక్కో క్యాప్ టార్క్ చేశాక (టార్క్ రెంచ్‌తో చెప్పినంత బిగించాక) క్రాంక్‌ను చేత్తో తిప్పి చూడండి. బిగుతుగా తిరిగితే అక్కడే ఆగి, ఆ క్యాప్ విప్పండి. అన్నీ బిగించాక వెతకడం పెద్ద టెన్షన్.